నిండుకున్న డబ్బా

1970లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటాక్రూజ్ ప్రాంగణంలో జాన్ గ్రైండర్ అనే భాషాశాస్త్ర అధ్యాపకుడు, రిచర్డ్ బ్యాండ్లర్ అనే విద్యార్థి కలిసి, పేరుమోసిన మానసిక చికిత్సకులు మాట్లాడే తీరును గమనించి, ఆ మాటల అల్లికను పట్టుకుంటే ఎవరి ప్రవర్తననైనా తిరగరాయవచ్చని తేల్చి, దానికి న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్ అని నామకరణం చేశారు. పేరులోనే మెదడు, భాష, కంప్యూటరు మూడూ ఉన్నాయి కనుక రుసుము మూడింతలు ఉండడం న్యాయమే.

ఆ న్యాయానికి తలవంచి రెండు రోజుల తరగతికి నేనూ వెళ్ళాను. అక్కడ నేర్పిన విద్యలన్నిటిలో గంభీరమైనది 'రీఫ్రేమింగ్', అంటే ఉన్న సంగతిని అలాగే ఉంచి దాని పేరు మార్చడం. హాలంతా వంగి నోట్సు రాసుకుంటుంటే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. సోలతో డబ్బా అడుగంతా గీరినా గిద్దెడు గింజలు రానప్పుడు ఆమె "బియ్యం నిండుకున్నాయిరా" అనేది. దీపం ఆరితే కొండెక్కిందనేది; గడప దాటేవాడి చేత 'వెళ్ళొస్తాను' అనిపించేదాకా కదలనిచ్చేది కాదు. సర్టిఫికెట్టు లేకుండా ఇన్నేళ్ళు ప్రాక్టీసు చేసిన మనిషిపై ఎవరూ చర్య తీసుకోకపోవడం ఆశ్చర్యం. ఆమె పద్ధతిలో లోపం ఒక్కటే: 'నిండుకున్నాయి' అన్న మరుక్షణం నా చేతిలో సంచీ పెట్టేది.

మాట మనిషిని నడిపిస్తుందన్నది ఒట్టి కబురేమీ కాదు. అగ్నిప్రమాద బీమా సంస్థలో ఉద్యోగం చేసిన భాషావేత్త బెంజమిన్ లీ వోర్ఫ్, 'ఖాళీ' అని పేరుపడ్డ పెట్రోలు పీపాల దగ్గర జనం నిశ్చింతగా సిగరెట్టు కాలుస్తారని, అంటుకునే ఆవిరి మిగిలి ఉన్నందున నిజానికి నిండు పీపాలకన్నా అవే ప్రమాదమని రాశాడు. మా నాయనమ్మైతే ఆ పీపాలు నిండుకున్నాయనేది. సంస్థకు ఎన్ని క్లెయిములు తప్పేవో!

కళ్ళు కుడివైపు పైకి తిరిగితే అబద్ధమాడుతున్నట్టేనని కూడా శిక్షకుడు సెలవిచ్చాడు. 2012లో పరిశోధకులు పరీక్షించి చూస్తే దానికి ఆధారం దొరకలేదు. అయినా నేను గురువును శంకించలేదు. కట్టిన రుసుము వెనక్కి ఇవ్వబడదని చెప్పినప్పుడు ఆయన కళ్ళు ఎటూ తిరగకుండా నన్నే చూశాయి.

ఇంటికొచ్చాక ఎంతయిందని మా ఆవిడ అడిగింది. అది ఖర్చు కాదని, నా మీద నేను పెట్టుకున్న పెట్టుబడి అని, నేర్చుకున్న స్వరంలోనే నిదానంగా వివరించాను.

"అయితే బ్యాంకులో డబ్బులు నిండుకున్నాయన్నమాట," అంది.