ఫ్రంట్ సైట్ గారికి ఒక చత్వారపు లేఖ

డల్లాస్ శివారు,
శనివారం రాత్రి.

మహారాజశ్రీ ఫైబర్ ఆప్టిక్ ఫ్రంట్ సైట్ గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. రేపు పొద్దున షూటింగ్ రేంజిలో నిలబెట్టబోయే అట్ట టార్గెట్లు ఇంకా క్షేమం. నా వల్ల వాటికి ఇంతవరకు చెప్పుకోదగ్గ హాని ఏమీ జరగలేదు.

ఇక్కడితో గౌరవం చాలు. గురి చూడటానికి పిస్టల్ కొసన కూర్చునే మిల్లీమీటరు పుల్లవి నువ్వు. నిన్ను ‘మీరు’ అన్నానని తెలిస్తే మా ఆవిడ పడీపడీ నవ్వుతుంది. ఆవిడ దగ్గర నీ పేరు ‘ఆ పుల్ల’. క్రెడిట్ కార్డు బిల్లు వచ్చినప్పుడల్లా “ఈ నెల కూడా పుల్లేనా?” అని అడుగుతుంది.

నీ సంగతి తెలియనివాళ్లు కూడా ఈ ఉత్తరం చదువుతారు కాబట్టి నీ జాతకం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అమెరికాలో యూఎస్‌పీఎస్‌ఏ అనే షూటింగ్ సంఘం వాళ్ల పిస్టల్ పోటీలుంటాయి. బీప్ మోగగానే పరుగెత్తుతూ, గోడల చాటు నుంచి, కిటికీ సందుల్లోంచి అట్ట టార్గెట్లనీ ఇనప పలకల్నీ కొట్టుకుంటూ పోవాలి. అలాంటి ఒక్కో రౌండు ఒక స్టేజ్. వచ్చిన పాయింట్లని పట్టిన సెకన్లతో భాగిస్తారు. దాన్ని హిట్ ఫ్యాక్టర్ అంటారు. నేను ఆడేది ప్రొడక్షన్ డివిజన్. అందులో రెడ్ డాట్, అంటే ఎర్ర చుక్కతో గురి చూపించే అద్దం, పెట్టుకోవడానికి లేదు. వెనకాల ఒక గాడి, ముందు ఒక దిమ్మ, అంతే. ఈ రెండే సైట్లు, గాడిలోంచి దిమ్మని చూస్తూ గురి పెట్టాలి. ఆ దిమ్మకి చిల్లి, ఆ చిల్లిలో నువ్వు.

“ఫైబర్ అంటే మనింటికి వచ్చిన ఏపీ ఫైబర్‌నెట్ లాంటిదేనా?” అని గుంటూరు నుంచి మా నాన్న అడిగారు. కాదు నాన్నా, అది గాజు తీగ, ఒక కొసన పెట్టిన వెలుతురుని దారిలో ఒలకనీయకుండా రెండో కొసకి మోసుకెళ్తుంది. ఇది రంగు కలిపిన ప్లాస్టిక్ పుల్ల, ఒళ్లంతా నోరే. పక్కల నుంచి పడిన ఎండని తాగేసి, కొసల దగ్గర బొట్టులా వెలుగుతుంది. బ్యాటరీ లేదు, స్విచ్ లేదు. “మరి రాత్రిపూట?” అన్నారాయన. రాత్రిపూట పుల్లే నాన్నా.

అసలు నీ వలలో పడటానికి కారణం చత్వారం. నలభై దాటాక కంట్లో కటకం బిగుసుకుపోతుంది, దగ్గరి వస్తువు ఆనదు. చేయి చాపితే కొసన ఉండే దిమ్మ నాకు పొగమంచులో విద్యుత్ స్తంభంలా కనిపించడం మొదలైంది. ఈ ఆటలో చిక్కేమిటంటే వెనక గాడి, ముందు దిమ్మ, దూరంగా టార్గెట్ మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. కన్ను ఒక్కదాన్నే పట్టుకోగలదు. దిమ్మనే చూడు, టార్గెట్ మసకబారితే మసకబారనీ అంటారు పాత కోచ్‌లు. చిన్నప్పుడు మాస్టారు చెప్పిన కథలో అర్జునుడికి పిట్ట కన్ను ఒక్కటే కనబడింది, ద్రోణుడు మెచ్చుకున్నాడు. అదే అర్జునుడు ఈ కోచ్‌ల దగ్గరికి వచ్చి “పిట్ట కన్ను కనబడుతోంది గురువుగారూ” అనుంటే వెనక్కి పంపేసేవాళ్లు. “బాణం ములికి కనబడుతోందా లేదా?” అనేవాళ్లు.

ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు కొన్నాను. వాటిలో దగ్గరి చూపు కింది భాగంలో ఉంటుంది కాబట్టి, కోడిపుంజు కూతకు మెడ ఎత్తినట్టు గడ్డం పైకెత్తి నిలబడాల్సి వచ్చేది. అప్పుడు కదా నువ్వు దొరికావు! “వెలుగుతుంది, వెతుక్కోనక్కర్లేదు” అన్నారు. నమ్మాను.

ముందు రంగు. పదమూడేళ్లు గ్రీన్ కార్డు లైన్లో నిలబడ్డవాణ్ని, పచ్చరంగు కనబడితే ఆలోచించకుండా చేయి చాపేస్తాను. పైగా శాస్త్రం కూడా నా వైపే ఉంది. పట్టపగటి వెలుతురులో మన కన్ను బాగా పట్టుకునేది 555 నానోమీటర్ల దగ్గరి రంగుని, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చని. పచ్చనే పెట్టాను. ఏప్రిల్ మ్యాచ్‌లో టార్గెట్ల వెనక మట్టిగట్టు మీద గడ్డి మొలిచింది. పచ్చలో పచ్చ కలిసిపోయింది. ఎరుపుకి మారాను. సాయంత్రం స్టేజ్‌లో గోధుమరంగు అట్ట మీద ఎరుపు చల్లారిన నిప్పులా ఉంది. మళ్లీ పచ్చ. కల్యాణ మండపం పక్క చీరల షాపులో మా ఆవిడ “ఇదే షేడు, కాస్త లేతగా” అన్నప్పుడు నేను గడియారం చూసుకున్న రోజులు గుర్తొచ్చి సిగ్గేసింది.

తర్వాత లావు. 0.040 అంగుళమా, 0.060 అంగుళమా? మిల్లీమీటరుకీ మిల్లీమీటరున్నరకీ తేడా ఏముంటుందిలే అనుకుని లావుది తీసుకున్నాను. కనబడాలనే కదా కొన్నది! టెక్సస్ జులై ఎండలో నువ్వు పెట్రోమాక్స్ లైటులా అయ్యావు. నీ కాంతి నీ దిమ్మ అంచుల్ని మింగేసింది, గాడిలో అటూ ఇటూ ఉండాల్సిన సందులు మాయమయ్యాయి. నా ఇద్దరు స్క్వాడ్ మిత్రులు, అంటే మ్యాచ్‌లో నా జట్టులో తిరిగేవాళ్లు, జేబులోంచి నల్ల మార్కర్ తీసి నీ ఒంటికి సగం వరకు పూసిచ్చారు. డబ్బిచ్చి వెలుగు కొనుక్కుని, మళ్లీ దానికే మసి పూసుకునే ఆట ఇదొక్కటేనేమో. అదే వారం ఇండోర్ రేంజికి తీసుకెళ్తే ట్యూబ్‌లైటు కింద చచ్చిన మిణుగురులా పడుకున్నావు.

దిమ్మ వెడల్పు సంగతి ఎక్కువ చెప్పను. 0.100 అంగుళం మంచిదా 0.125 మంచిదా అని నేను కొలీగ్‌తో లంచ్ టైమంతా మాట్లాడితే, అతను మేనేజర్‌కి చెప్పి సీటు మార్చుకున్నాడు.

పోయిన నెల సంగతి మాత్రం రాయాల్సిందే. మిగతా పిస్టల్ అంతా సేఫ్‌లో పెట్టేసి, సైట్లు ఉండే పై భాగం, అంటే స్లయిడ్, ఒక్కటే వంటింటి గట్టు మీద పెట్టుకున్నాను. కొత్త ఫైబర్ రాడ్‌ని, అంటే నిన్నే, గోళ్ల కత్తెరతో కాస్త పొడుగ్గా కత్తిరించి చిల్లిలోకి తోశాను. లైటర్ మంట తగలకుండా, సెగ మాత్రమే తగిలేలా పట్టుకుంటే కొస కరిగి పుట్టగొడుగులా గుండ్రంగా విచ్చుకుంటుంది. అదే నీకు మేకు, అదే నీకు బొట్టు. మొదటి కొస ముత్యంలా వచ్చింది. రెండో కొస దగ్గర చేయి వణికి మంట తగిలింది. నువ్వు నల్లగా ముడుచుకుని కంపు కొట్టావు. “ఏమిటా వాసన? పోపు మాడిందా?” అంటూ ఆవిడ వచ్చింది. ఇంకో ముక్క కోశాను. గోళ్ల కత్తెర టక్కుమంది, ముక్క ఎగిరి, మూత తీసి ఉన్న పోపుల పెట్టెలో పడింది.

ఆవాల గిన్నెలో వెతికాం. చివరికి మెంతుల్లో దొరికావు. కిటికీలోంచి పడుతున్న ఆ కాస్త వెలుతురుకే రెండు కొసలా పచ్చగా వెలుగుతూ! ఏ స్టేజ్‌లోనూ నాకు అంత స్పష్టంగా కనబడలేదు నువ్వు. ఆవిడ నిన్ను రెండు వేళ్లతో ఎత్తి, “మెంతుల్లో ఇంత బాగా కనిపిస్తోంది కదా, ఇక్కడే ప్రాక్టీసు చేసుకోండి” అంది.

ఇక ఎత్తు. నీ మీద నా అసలు ఫిర్యాదు, నా మీద నీ అసలు ఫిర్యాదు రెండూ ఇక్కడే ఉన్నాయి.

25 గజాల దగ్గర నా తూటాలు నాలుగు అంగుళాలు కిందికి, కాస్త ఎడమకి పడుతున్నాయి. దీనికి లెక్క ఉంది. రెండు సైట్ల మధ్య దూరాన్ని తప్పిన దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించాలి. నా పిస్టల్‌కి సైట్ల మధ్య ఆరున్నర అంగుళాలు, 25 గజాలంటే 900 అంగుళాలు. ఆరున్నర ఇంటూ నాలుగు, బై 900. వచ్చింది 0.029 అంగుళం. తూటా కిందికి పడుతుంటే ముందు దిమ్మని అంత పొట్టిది చేయాలి, అప్పుడు తూటా పైకి లేస్తుంది. 0.029 అంటే దాదాపు క్రెడిట్ కార్డు మందం. ఆ కార్డుతోనే కొన్నాను. ఎక్సెల్‌లో షీట్ కూడా చేశాను, కలర్ కోడింగ్‌తో సహా. ఇరవై ఏళ్ల సాఫ్ట్‌వేర్ సర్వీసులో అంత నిక్కచ్చిగా తేలిన లెక్క ఇంకోటి లేదు.

పొట్టి దిమ్మ బిగించి రేంజికెళ్లాను. ఒకటి నడిమధ్య పడింది, ఒకటి మూడంగుళాలు కిందికి, ఒకటి ఏకంగా టార్గెట్ దాటి మట్టిలోకి. మా స్క్వాడ్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు. డెబ్బై పైబడ్డ టెక్సస్ మనిషి, ఆయన సైట్లు మొత్తం నలుపు, ఏ పుల్లా లేదు. నా షీట్ ప్రింటవుట్ చూపించాను. శ్రద్ధగా చదివాడు. ఎక్కడా తప్పు పట్టలేదు. నా పిస్టల్ తీసుకుని బల్ల మీద సంచికి ఆనించి అయిదు తూటాలు నిదానంగా కాల్చాడు. అయిదూ అరచేతితో మూసేయగలిగినంత చోట పడ్డాయి. సరిగ్గా నాలుగు అంగుళాలు పైన.

“లెక్క కరెక్టే” అన్నాడాయన.

తర్వాత నన్ను అటు తిరగమని, తూటాలు నింపే మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య ఎక్కడో పేలని డమ్మీ తూటా ఒకటి దాచి ఇచ్చాడు. మొదటిది పేలింది. రెండోది పేలింది. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే ఉత్త టిక్ మంది, పిస్టల్ ముక్కు మాత్రం కోడి గింజని పొడిచినట్టు గభాల్న కిందికి, ఎడమకి పొడిచింది. ఏ పేలుడూ లేదు, ఏ తన్నుడూ లేదు. నా చెయ్యి తనంతట తానే ఉలిక్కిపడింది. ఆ నాలుగు అంగుళాలు నీ ఎత్తువి కావు, పేలుతుందని నా చేతికున్న భయానివి. నేను ఆ భయాన్ని మూడు దశాంశ స్థానాల దాకా కొలిచి, దానికి సరిపడా సైట్ ఆర్డరు చేశాను. పోనీ భయమైనా రోజూ నాలుగు అంగుళాలే ఉంటుందా? బీప్ మోగితే ఏడు, వెనకాల ఎవరైనా వీడియో తీస్తుంటే తొమ్మిది.

ఆ సాయంత్రం అమ్మకి ఫోన్లో చెప్పుకున్నాను. అంతా విని, “మన హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ ఏషియన్ గేమ్స్‌లో పతకాలు తెచ్చింది కదరా, ఆ పిల్ల పుల్ల ఏ రంగు?” అంది. 2023లో హాంగ్‌జౌలో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో రజతం ఆ అమ్మాయిది. ఆ ఆటలో పది పాయింట్ల చుక్క 11.5 మిల్లీమీటర్లు. వాళ్లది ఉత్త నల్ల దిమ్మ, ఉత్త నల్ల గాడి. పుల్ల లేదమ్మా అన్నాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “అన్నం తిన్నావా?” అంది.

ఇప్పుడు నా దగ్గర మీ వంశం వాళ్లు ఏడుగురు ఉన్నారు. పొడుగు, పొట్టి, లావు, సన్నం, మార్కర్ పూసినది, మంటకి ముడుచుకున్నది, ఇంకా కవర్ విప్పనిది. అందరినీ ఖాళీ ఆవకాయ సీసాలో పోశాను. పిస్టల్‌తో పాటు వచ్చిన పాత దిమ్మ మళ్లీ బిగించాను. పెద్దాయన నాకు ఆరు డమ్మీ తూటాలు ఊరికే ఇచ్చాడు, రోజూ పది నిమిషాలు ట్రిగ్గర్ నొక్కమన్నాడు. రెండు రోజులు నొక్కాను. చాలా బోరు. నీ కొత్త రంగుల గురించి చదవడం దానికన్నా వంద రెట్లు బాగుంటుంది, ఈ మాట నీతో కాక ఇంకెవరితో చెప్పుకోను?

రేపు ఎనిమిదిన్నరకి మొదటి స్టేజ్. ఎండ బాగా ఉంటుందంటున్నారు.

ఇట్లు,
నిన్ను ఏడుసార్లు కొన్నవాడు.

తా.క.: ఎర్ర రాడ్ల ప్యాకెట్ ఇందాకే వచ్చింది. ఇది నేను పెద్దాయనని కలవక ముందు చేసిన ఆర్డరు, సరేనా? మా ఆవిడే తీసుకుంది. ఒక్క మాట అనలేదు. లైటర్ ఎక్కడ దాచిందో మాత్రం చెప్పడం లేదు.