ముందు మబ్బుల లెక్క తేలాలి

నాసా వారి సైకీ వ్యోమనౌక 2023 డిసెంబరు 11న 3.1 కోట్ల కిలోమీటర్ల అవతలి నుంచి, రేడియోతో కాక లేజర్ కిరణంతో, సెకనుకు 267 మెగాబిట్ల వేగంతో ఒక పిల్లి వీడియో పంపింది. అందులోని లేజర్ 4 వాట్లు, దూరదర్శిని వ్యాసం 22 సెంటీమీటర్లు. ఇది చూశాక మన గ్రహయాత్రలకూ లేజర్ కావాలనిపించడం సహజం. కావాల్సిందే. కాకపోతే నిధులు లేజర్ మీదకంటే గురి మీద, నేల మీది కేంద్రాల మీద ఎక్కువ పెట్టాలన్నది మా వాదన.

1550 నానోమీటర్ల కిరణం అంత చిన్న దూరదర్శిని నుంచి వెలువడితే విచ్చుకునేది 7 మైక్రోరేడియన్లే (మైక్రోరేడియన్ అంటే రేడియన్ కోణంలో పది లక్షలో వంతు). ఆ దూరం నుంచి భూమిని చేరేసరికి వెలుగు వెడల్పు సుమారు 220 కిలోమీటర్లు. హైదరాబాద్, విజయవాడ రెండింటినీ ఒకేసారి కప్పలేదు. పైగా కాంతి వచ్చి వెళ్లేలోగా భూమి కదిలిపోతుంది. నౌకకూ భూమికీ మధ్య అడ్డవేగం సెకనుకు 30 కిలోమీటర్లయితే, నేల నుంచి దారి చూపే లేజర్ కనబడ్డ చోటికి కాక 200 మైక్రోరేడియన్లు ముందుకు గురిపెట్టాలి. అంటే కిరణం వెడల్పుకు 28 రెట్లు! దూరం పెరిగినా ఈ కోణం తగ్గదు. ఈలోగా నౌకను అటూ ఇటూ తిప్పే చక్రాల (రియాక్షన్ వీల్స్) అదురు దూరదర్శినిని కుదుపుతుంది. ఆ అదురును అడ్డుకునే బిగింపులు, కిరణాన్ని సరిదిద్దే చిన్న అద్దం చవగ్గా రావు. వాటిలో పొదుపు చేస్తే లేజర్‌ను 10 వాట్లకు పెంచినా ఒరిగేదేమీ ఉండదు.

నేల మీద కాలిఫోర్నియాలోని పాలొమార్‌లో ఉన్న 5.1 మీటర్ల హేల్ దూరదర్శిని ఆ కాంతిని పట్టింది. దాని డిటెక్టర్‌ను పరమశూన్యానికి (సుమారు మైనస్ 273 డిగ్రీల సెల్సియస్) 1 డిగ్రీ దరిదాపుల దాకా చల్లబరిచి, ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కించారు. అంత సరంజామా ఉన్నా మబ్బు పడితే అంతే. బెంగళూరు దగ్గరి బ్యాలాలులో 32 మీటర్ల రేడియో డిష్ మేఘాల చాటు నుంచీ వింటుంది. లేజర్‌కు ఆ వెసులుబాటు లేదు. ఒక చోట ఆకాశం 60 శాతం సమయం తేటగా ఉంటే, వాతావరణంలో దానితో పొంతన లేని మరో చోటును కలిపితే 84 శాతం, మూడో చోటుతో 94 శాతం. నాసా తన భూకక్ష్య లేజర్ ప్రయోగానికి కాలిఫోర్నియా, హవాయి రెండూ ఎంచుకున్నది ఇందుకే.

మనకు లద్దాఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున హాన్లే ఉంది. దానికి జోడీగా నైరుతి మేఘాల బెడద తక్కువున్న మరో చోటు వెతకాలి. పరికరాల టెండర్లకు ముందే రెండు చోట్లా కనీసం మూడేళ్లు, రాత్రీ పగలూ, మబ్బుల్ని కొలవాలి. ఆకాశం తెరిపివ్వని రోజుల కోసం నౌకలో వారం డేటా పట్టే మెమరీ ఉండాలి. రేడియోను మాత్రం తీసేయకూడదు: లోపం తలెత్తి సేఫ్ మోడ్‌లోకి (అత్యవసర పనులు మాత్రమే నడిచే స్థితిలోకి) జారిన నౌక లేజర్‌ను గురిపెట్టలేదు.