సంతకం ఒక్కటే, పద్దులు వేలు

అమెరికా రాజ్యాంగం ప్రకారం కాంగ్రెస్ పంపిన బిల్లుపై అధ్యక్షుడికి ఉన్న గడువు, ఆదివారాలు పోను, పది రోజులు. సంతకం పెట్టొచ్చు, తిప్పి పంపొచ్చు (ఇదే వీటో). ఏదీ చేయకుంటే బిల్లు దానంతటదే చట్టమవుతుంది. ఈలోగా కాంగ్రెస్ సమావేశాలు ముగిసిపోతే మాత్రం బిల్లు మురిగిపోతుంది. దీన్నే పాకెట్ వీటో అంటారు. మామూలు వీటోను తోసిపుచ్చాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు పడాలి.

ఇంత పదునైన ఆయుధం ఖర్చు బిల్లుల దగ్గరకొచ్చేసరికి మొద్దుబారుతుంది. నచ్చని పద్దు ఒక్కదాన్నే కొట్టేసే వీలు లేదు మరి. 44 రాష్ట్రాల గవర్నర్లకు ఉన్న ఆ వెసులుబాటును 1996లో కాంగ్రెస్ చట్టం చేసి అధ్యక్షుడికీ ఇచ్చింది. క్లింటన్ దాన్ని 82 సార్లు వాడారు. చట్టంలో కొంత భాగాన్ని ఒక్కడే చెరిపేయడమంటే చట్టాన్ని తిరగరాయడమేనంటూ 1998లో సుప్రీంకోర్టు 6–3తో కొట్టేసింది. (మన రాష్ట్రపతికి ఈ తలనొప్పి లేదు. ద్రవ్య వినిమయ బిల్లు ద్రవ్య బిల్లే కాబట్టి 111వ అధికరణం కింద తిప్పి పంపే అధికారమే ఉండదు.)

ఏటా అక్టోబర్ 1లోగా 12 వ్యయ బిల్లులు విడివిడిగా రావాలి. దాదాపు ఎప్పుడూ రావు. అన్నీ కలిపి ఒకే మూటగా, గడువు మెడ మీదికొచ్చాక వస్తాయి. 2020 డిసెంబర్‌లో వచ్చిన మూట 5,593 పేజీలు. అందులోనే 90,000 కోట్ల డాలర్ల కోవిడ్ సాయం. ట్రంప్ మొదట మండిపడ్డారు. 26న నిరుద్యోగ భృతి పథకాలు ఆగిపోయాయి, 28 దాటితే ప్రభుత్వమే మూతపడే పరిస్థితి. 27న సంతకం పెట్టేశారు. కోయాలన్న పద్దుల జాబితాను తర్వాత కాంగ్రెస్‌కు పంపినా పట్టించుకున్నవారు లేరు.

అందుకే అసలు పోరు సంతకం తర్వాతికి జరిగింది: మంజూరైన డబ్బును విడుదల చేయకుండా తొక్కిపెట్టడం. నీటి కాలుష్య నివారణ చట్టాన్ని 1972లో నిక్సన్ వీటో చేస్తే కాంగ్రెస్ తోసిపుచ్చింది. ఆయన నిధులు బిగబట్టారు. ఆ అనుభవంతోనే 1974 చట్టం వచ్చింది. రద్దు కోరుతూ అధ్యక్షుడు ప్రతిపాదన పంపితే సభలు నడిచే 45 రోజుల దాకా డబ్బు ఆపొచ్చు. అప్పటికీ ఆమోదం రాకపోతే విడుదల చేసి తీరాలి.

చట్టంలోని కన్నం ఆ 45 రోజులే. ఆర్థిక సంవత్సరం సెప్టెంబర్ 30తో ముగుస్తుంది. 2025 ఆగస్టు చివర్లో ట్రంప్ 490 కోట్ల డాలర్ల విదేశీ సాయం రద్దుకు ప్రతిపాదన పంపారు. అంటే లెక్క పూర్తయ్యేలోపే నిధులకు కాలం చెల్లుతుంది. నా దృష్టిలో ఇది 1998లో కోర్టు మూసిన తలుపును పెరటి వైపు నుంచి తెరవడమే. సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు, తుది తీర్పు చెప్పకుండానే, అందులో సుమారు 400 కోట్లను ఆపి ఉంచడానికి అనుమతించింది. ఆర్థిక సంవత్సరానికి అప్పటికి మిగిలింది నాలుగు రోజులు.