పరగడుపున లీటరున్నర నీళ్లు తాగితే పేగులు కడిగినట్టవుతుందా?

ఎండలు మొదలైనప్పటి నుంచి ఒక వాట్సాప్ మెసేజ్ నాకు ఆరేడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: రోజూ మోషన్ కాకపోతే పేగుల్లోని విషం రక్తంలోకి ఎక్కుతుంది. పరగడుపున లీటరున్నర నీళ్లు గటగటా తాగితే పేగులు కడిగినట్టయిపోతాయి. తిండి మార్చుకోనక్కర్లేదు, రాత్రి ఒక అరటిపండు చాలు. నెలకోసారి ఆముదం తాగాలి, సహజం కాబట్టి హాని లేదు. డాక్టర్లు ఈ రహస్యం చెప్పరు, పదిమందికి పంపండి.

ఖమ్మంలో మందుల షాపు నడుపుతాను. "మోషన్ ఫ్రీగా అవట్లేదండీ" అని గొంతు తగ్గించి అడిగేవాళ్లు నాకు కొత్త కాదు. ఈమధ్య కొందరు ఫోన్లో ఈ మెసేజ్ చూపించి మరీ ఆముదం సీసా అడుగుతున్నారు. అందుకే ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, విషం సంగతి. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఎలా అయినా మామూలే. లెక్క కన్నా ముఖ్యం, మలం గట్టిపడిందా, ముక్కాల్సి వస్తోందా, అయ్యాక కూడా ఇంకా మిగిలినట్టుందా అన్నవి. రెండురోజులకోసారి సాఫీగా అయ్యేవాళ్లకు ఏ జబ్బూ లేదు. ఈ విషం కథ వందేళ్ల పాతది. అప్పట్లో లండన్‌లో అర్బత్‌నాట్ లేన్ అనే పేరుమోసిన సర్జన్ మలబద్ధకానికి ఏకంగా పెద్దపేగే కోసి తీసేసేవాడు. 1919లో అమెరికా డాక్టర్ వాల్టర్ అల్వారెజ్ ఒక చిన్న ప్రశ్న వేశాడు: తలనొప్పి, మందకొడితనం రక్తంలో విషం వల్లే అయితే, మోషన్ అయిన మరుక్షణమే ఎలా తగ్గుతున్నాయి? విషం అంత త్వరగా రక్తంలోంచి పోదు కదా. నిండిన పేగు సాగి నరాల మీద ఒత్తిడి పడటమే కారణమని ఆయన వాదన. ఆ తర్వాత క్రమంగా వైద్యులు ఈ సిద్ధాంతాన్ని పక్కన పెట్టేశారు, మన ఫోన్లలో మాత్రం ఇంకా తిరుగుతోంది.

ఇక నీళ్లు. మెసేజ్‌కు ఇదే ప్రాణం కాబట్టి కాస్త ఆగుదాం. మనం తాగేవి, తిండిలోవి, లాలాజలం, జఠర రసం, పైత్యరసం అన్నీ కలిపి రోజుకు ఎనిమిది తొమ్మిది లీటర్ల దాకా పేగుల్లోకి చేరతాయి. అందులో చాలావరకు చిన్నపేగు పీల్చుకుంటుంది, మిగిలినదాన్ని పెద్దపేగు. చివరికి మలంతో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు. అదనంగా తాగిన లీటరు ఎటు పోతుందో తాగినవాళ్లకే తెలుసు, గంటలో రెండుసార్లు బాత్రూంకి పరుగు.

పేగులో నీటిని పట్టి ఉంచేది పీచు. ఇంట్లోనే చూడొచ్చు. గ్లాసు నీళ్లలో ఒక చెంచా ఇసబ్‌గోల్ వేసి కలిపి పది నిమిషాలు వదిలేయండి. గంజి ఆరినట్టు చిక్కటి జిగురవుతుంది, గ్లాసు వంచినా నీళ్లలా జారదు. మలం మెత్తబడేది ఇలాగే. 1998లో వెలువడిన ఒక ఇటలీ అధ్యయనంలో మలబద్ధకం ఉన్నవాళ్లందరికీ రోజుకు 25 గ్రాముల పీచు ఇచ్చారు. దాంతోపాటు రెండు లీటర్ల నీళ్లు తాగినవాళ్లకు, లీటరు తాగినవాళ్ల కన్నా ఎక్కువ మేలు జరిగింది. అంటే నీళ్లూ కావాలి, కానీ పీచుకు తోడుగా. ఎండలో పనిచేసేవాళ్లకు, లేవాల్సి వస్తుందని నీళ్లు మానుకునే పెద్దవాళ్లకు, ఒంట్లో నీరు తగ్గినందుకే మలం గట్టిపడుతుంది. వాళ్లు తాగాల్సిందే, రోజంతా కొంచెం కొంచెంగా.

ఒకేసారి అన్ని నీళ్లు తాగడం మాత్రం కొందరికి ప్రమాదం. మా షాపుకొచ్చే ఒక పెద్దాయనకి గుండె జబ్బు. రోజుకు లీటరు దాటొద్దని డాక్టరు చెప్పారు. కోడలు మంచిమనసుతోనే పొద్దున్నే పెద్ద చెంబుతో ఇవ్వడం మొదలుపెట్టింది. నాలుగో రోజుకి చెప్పులు పట్టనంతగా పాదాలు వాచాయి. గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లు నీళ్ల కొలత డాక్టర్నే అడగాలి.

"తిండి మార్చక్కర్లేదు" అనేది మెసేజ్‌లో అన్నిటికన్నా తప్పు మాట. 2000 కేలరీల తిండికి 30 గ్రాముల పీచు ఉండాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. మన మధ్యాహ్నం కంచం చూడండి: తెల్లన్నం, పప్పుచారు, ఆవకాయ, అప్పడం, పెరుగు. పాలిష్ బియ్యంలో 100 గ్రాములకు పీచు మూడు గ్రాములు కూడా ఉండదు. జొన్నల్లో, రాగుల్లో పది గ్రాములు దాటుతుంది. అరటిపండులో ఉండేది రెండు మూడు గ్రాములే. దాని బదులు ఒక జామకాయ తినండి. రాత్రికి జొన్నరొట్టె, పక్కన గోరుచిక్కుడో తోటకూరో, సాయంత్రం గుప్పెడు ఉడికించిన శనగలు. ఒకేరోజు అన్నీ మొదలుపెడితే గ్యాస్‌తో కడుపు ఉబ్బుతుంది, వారంవారం పెంచుకోవాలి.

ఆముదం విషయానికొస్తే, సహజమే, కాదనను. సహజమైనంత మాత్రాన మెతక అనుకోవద్దు. అందులోని రిసినోలిక్ ఆమ్లం పేగునే కాదు, గర్భాశయాన్ని కూడా కదిలిస్తుంది, అందుకే గర్భిణులు తాకకూడదు. పిల్లలకీ ముసలివాళ్లకీ ఒకేసారి నీళ్లవిరేచనాలైతే నీరసించిపోతారు. ఇంకో చిక్కు ఉంది. పేగు మొత్తం ఖాళీ అయ్యాక మళ్లీ నిండటానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ మోషన్ రాదు. "మళ్లీ పట్టేసింది" అని మళ్లీ సీసా ఎత్తుతారు. నాకు ఇది మంచి బేరమే అనుకోండి. ఇసబ్‌గోల్‌కైతే ఒకే షరతు: నిండు గ్లాసు నీళ్లతోనే తాగాలి, పొడిగా మింగితే గొంతులో అడ్డుపడుతుంది.

రహస్యమట! పోషకాహార సంస్థ మన హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. ఏం తినాలో, ఎంత తినాలో పుస్తకం వేసి ఎవరైనా చదువుకునేలా పెట్టింది.

మెసేజ్ చెప్పనివే ఎక్కువ. ఐరన్, కాల్షియం మాత్రలు, కొన్ని బీపీ మందులు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు మోషన్‌ను బిగించేస్తాయి. థైరాయిడ్ తగ్గినా అంతే. మందు మీరే మానేయొద్దు, రాసిన డాక్టరుకు చెప్పండి. కమోడ్ మీద కూర్చునేవాళ్లు కాళ్ల కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్లు పైకి లేచి దారి తిన్నగా అవుతుంది, పైసా ఖర్చు లేదు.

మలంలో రక్తం, నల్లటి మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, యాభై దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం, వీటిలో ఏది ఉన్నా నా కౌంటరు దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లండి. కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకపోతే ఆ రాత్రే ఆసుపత్రికి బయల్దేరండి, ఆముదం సీసా మూత తీయకుండా.