పేషెంట్ తాలూకు ఎవరండీ?

రాత్రి రెండున్నర అయింది. జిల్లా కేంద్రంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, మూడో అంతస్తు జనరల్ వార్డు. మా మామగారికి తుంటి ఆపరేషన్ అయి అది రెండో రాత్రి. నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని సెలైన్ బాటిల్ వంకే చూస్తున్నాను. షిఫ్టు మొదట్లో సిస్టర్ నాకు అప్పజెప్పిన పని అదే మరి. "అయిపోవస్తుంటే వచ్చి చెప్పండి సార్, లేకపోతే రక్తం పైపులోకి ఎక్కేస్తుంది" అంది. పక్క మంచం దగ్గర ఒకావిడ భర్తను ఇంకో పక్కకి ఒత్తిగిలించడానికి తంటాలు పడుతోంది. ఆ అవతల కుర్రాడు యూరిన్ బ్యాగ్ ఎంతవరకు నిండిందో ఫోన్ లైటు వేసి చూసి మందుల చీటీ వెనకాల రాసుకుంటున్నాడు. మంచాలు ఇరవై ఆరు, సిస్టర్ ఒక్కతే. "ఇరవై మూడో నంబరు తాలూకు ఎవరండీ?" అని కేకేస్తే నిద్రలోంచి ఎవరో ఒకరు ఉలిక్కిపడి లేచి పరిగెడుతున్నారు.

ఆ రాత్రి ఆ వార్డులో నర్సింగ్ చాలావరకు చేసింది మేమే. మాకు ట్రైనింగ్ లేదు, జీతం లేదు. పైగా డిశ్చార్జి రోజు చేతికిచ్చిన బిల్లులో 'నర్సింగ్ చార్జీలు' అని రోజుకింత చొప్పున వేరే లైను, అదీ మేమే కట్టాం.

ఆ అమ్మాయిని అనడానికి నాకు నోరు రాదు. తెల్లారేదాకా ఆమె కుర్చీలో కూర్చోవడం నేను చూడలేదు. కానీ ఒకటి మాత్రం చూశాను. పొద్దున్న ఆరు గంటలకి కౌంటర్ దగ్గర నిలబడి కేస్ షీట్లన్నీ ముందేసుకుని రాత్రి పన్నెండు, రెండు, నాలుగు గంటల గళ్ళన్నీ వరసగా నింపేసింది. మా మామగారి షీట్లో మూడు గళ్ళలోనూ బీపీ 120/80. ఆ మూడు వేళల్లోనూ నేను మెలకువగానే ఉన్నాను, మా మంచం దగ్గరకి ఎవరూ రాలేదు. (నేనెందుకు అడగలేదంటారా? ఆమె కళ్ళు చూసి అడగలేకపోయాను.)

ఈ మధ్య కొన్నేళ్ళలో నర్సింగ్ రంగంలో చిన్నా చితకా మార్పులేం రాలేదు, పెద్దవే వచ్చాయి. 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టాన్ని పక్కనపెట్టి 2023 ఆగస్టులో పార్లమెంటు నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. చదువుకొక బోర్డు, కాలేజీల తనిఖీకీ రేటింగుకీ ఒక బోర్డు, రిజిస్ట్రేషన్‌కీ వృత్తి నియమాలకీ ఇంకో బోర్డు అని అందులో రాసుకున్నారు. అదే ఏడాది కేంద్ర బడ్జెట్లో 157 కొత్త నర్సింగ్ కాలేజీలు ప్రకటించారు. బీఎస్సీ నర్సింగ్ సిలబస్ 2021-22 నుంచి సెమిస్టర్ పద్ధతిలోకి మారింది, పేషెంట్ మీద చెయ్యి వేసేముందు బొమ్మల మీద నేర్చుకునే స్కిల్ ల్యాబులు అందులో భాగమయ్యాయి. తెలంగాణలో 2024 జనవరి చివర్లో దాదాపు ఏడు వేల మంది స్టాఫ్ నర్సులకు ఒకేసారి నియామక పత్రాలిచ్చారు. ఇవన్నీ మంచివే, నేనేమీ కొట్టిపారేయను. కానీ ఇందులో ప్రతిదీ ఎంతమంది నర్సులు తయారవుతున్నారు, ఏం చదువుతున్నారు, వాళ్ళ పేరు ఏ రిజిస్టర్లో ఉంటుంది అన్నదాని చుట్టూనే తిరుగుతోంది. ఈ రాత్రి ఈ వార్డులో ఒక్క నర్సు ఎంతమందిని చూస్తోంది అన్న ప్రశ్నని ఎవరూ ముట్టుకోవడం లేదు. నా దృష్టిలో అసలు ప్రశ్న అదొక్కటే.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి, కాగితం మీద భేషుగ్గా ఉన్నాయి. నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలి, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు. సెలవుల కోసమని మరో 30 శాతం మందిని అదనంగా పెట్టుకోవాలి. ఎక్కడ జారుతుందంటే, ఆసుపత్రులు ఈ లెక్క చెప్పుకునే తీరులో. వంద పడకల ఆసుపత్రి ఉందనుకోండి, ఇరవై మంది నర్సులున్నారని చూపిస్తారు, అయిదుగురికి ఒకరు, ఇంకేం కావాలి అంటారు. కానీ వారానికో రోజు ఆఫ్ ఉంటుంది కదా, ఏ రోజైనా వచ్చేది పదిహేడు మందే. సెలవులు, జ్వరాలు, పెళ్ళిళ్ళు, పురుళ్ళు తీసేస్తే పదిహేను. మూడు షిఫ్టులకి పంచితే షిఫ్టుకి అయిదుగురు, అంటే ఇరవై మందికి ఒకరు. రాత్రి పూట ఎవరు చూడొచ్చారని ఒకరిని పగటికి జరిపారా, నైట్ డ్యూటీలో ఇరవై అయిదు మందికి ఒక్కరు. అయిదు కాస్తా ఇరవై అయిదు అయిపోయింది, ఎక్కడా అబద్ధం ఆడలేదు కూడా.

ఈ అంకెల్లో తేడా వస్తే ఏమవుతుందో ఎప్పుడో తేలింది. అమెరికాలో లిండా ఐకెన్ అనే నర్సింగ్ పరిశోధకురాలు పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల్లో ఆపరేషన్లు అయిన రెండు లక్షల ముప్ఫై వేల పైచిలుకు రోగుల వివరాలు తీసి 2002లో ప్రచురించారు. నర్సు చూడాల్సిన వాళ్ళు ఒక్కరు పెరిగినప్పుడల్లా, నెల రోజుల్లోపు రోగి చనిపోయే ముప్పు 7 శాతం చొప్పున పెరుగుతోందని తేలింది. నలుగురిని చూసే నర్సుకీ ఎనిమిది మందిని చూసే నర్సుకీ మధ్య ఆ తేడా 31 శాతం. అక్కడ ఎక్కువ అనుకున్నది ఎనిమిది. మన ఇరవై ఆరుని ఆ లెక్కలో ఎక్కడ పెట్టాలి?

నర్సు అంటే ఇంజెక్షన్ చేసే మనిషి, డాక్టర్ రాసింది ఎక్కించే మనిషి అని మనలో చాలామందికి ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఇంజెక్షన్ పని అయిదు నిమిషాల్లో అయిపోతుంది. మిగతా సమయమంతా చేయాల్సింది చూడటం. రోగి ఊపిరి నిమిషానికి పద్దెనిమిది నుంచి ఇరవై ఆరుకి వెళ్ళిందా, ఇందాక బాగా మాట్లాడినవాడు ఇప్పుడు తడబడుతున్నాడా, మూత్రం తగ్గిందా, కాలి పిక్క వాచిందా, ఇవన్నీ చూస్తూ ఉండటం. రోగి పరిస్థితి చెయ్యి దాటిపోయే ముందు చాలాసార్లు కొన్ని గంటలపాటు ఇలాంటి చిన్న చిన్న సూచనలు కనబడుతూనే ఉంటాయి. బ్రిటన్‌లో 2012 నుంచి దీనికో స్కోరు పద్ధతి పెట్టారు, 2017లో సవరించారు. ఊపిరి, ఆక్సిజన్ శాతం, ఆక్సిజన్ పెట్టారా లేదా, బీపీ, నాడి, స్పృహ, జ్వరం, ఈ ఏడింటికీ మార్కులు వేసి కలుపుతారు. మొత్తం అయిదుకి చేరితే డాక్టర్ వెంటనే వచ్చి చూడాలి, ఏడుకి చేరితే ఎమర్జెన్సీ. మన దగ్గర కూడా పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఈ తరహా షీట్లు కనబడుతున్నాయి. కానీ షీటు తనంతట తాను ఊపిరి లెక్కపెట్టదు. ఊపిరి లెక్కపెట్టాలంటే ఒక మనిషి ఆ మంచం పక్కన నిమిషంపాటు ఊరికే నిలబడాలి. ఇరవై ఆరు మంచాల దగ్గర ఒక్కో నిమిషం నిలబడితే దాదాపు అరగంట, అది కూడా ఇంకేమీ చేయకుండా. అందుకే అన్ని షీట్లలోనూ అందరూ ఒకేలా ఊపిరి పీలుస్తుంటారు.

పడక పుండ్ల సంగతీ అంతే. కదల్లేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి, ఒంటి కింద తడి లేకుండా చూడాలి, మడమలకీ నడుముకీ ఒత్తిడి పడకుండా సర్దాలి. మందు కాదు, మిషను కాదు, చేతులు కావాలంతే. ముంబై కేఈఎం ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన అరుణా షాన్‌బాగ్ 1973లో దాడికి గురై, 2015లో చనిపోయేదాకా దాదాపు 42 ఏళ్ళు ఆ ఆసుపత్రి మంచం మీదే ఉన్నారు. అన్నేళ్ళూ ఆమెకు తినిపించి, కడిగి, తుడిచి చూసుకున్నది అక్కడి నర్సులే. అప్పటిదాకా ఒక్క పడక పుండు కూడా పడకుండా చూసిన ఆ నర్సుల సేవ గురించి 2011లో సుప్రీంకోర్టు తన తీర్పులోనే రాసింది. ఆ నర్సులు రిటైరయ్యారు, కొత్తవాళ్ళొచ్చారు, పద్ధతి మాత్రం చేతులు మారుతూ నడిచింది. మన పక్క మంచం ఆవిడకి మాత్రం భర్తను ఎలా ఒత్తిగిలించాలో చూపించేవాళ్ళే లేరు.

రోగి దగ్గర మనిషి ఉండటం అనే ఈ ఒక్క విషయం ఎంత పనిచేస్తుందో చూడాలంటే పురుళ్ళ వార్డుకి వెళ్ళాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో జరిగిన కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 80 శాతం పైనే. ముహూర్తాలు, బిల్లులు, నొప్పుల భయం అని కారణాలు చాలా చెబుతారు, అన్నీ నిజమే. కానీ ఎక్కువగా చెప్పని కారణం ఒకటుంది. మామూలు కాన్పుకి పన్నెండు గంటలో పద్దెనిమిది గంటలో పక్కన ఒక తెలిసిన మనిషి ఉండాలి, నడిపించాలి, నడుం రుద్దాలి, పాప గుండె చప్పుడు వింటూ ఉండాలి, ధైర్యం చెప్పాలి. అంత తీరిక డాక్టర్‌కి ఉండదు. అందుకే 2017లో తెలంగాణ ప్రభుత్వం ప్రసూతి ఆసుపత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ, అంటే కాన్పులు చేసే పనిలో, శిక్షణ మొదలుపెట్టింది, ఆ మరుసటి ఏడాది కేంద్రం కూడా పద్దెనిమిది నెలల కోర్సుతో మార్గదర్శకాలు తెచ్చింది. నర్సింగ్‌లో ఈ మధ్య వచ్చిన మార్పులన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే. ఎందుకంటే ఇక్కడ కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, మన ఊళ్ళలో మంత్రసాని చేసిన పనికి చదువునీ, లైసెన్సునీ జోడించి మళ్ళీ పక్కన కూర్చోబెట్టారు. కష్టం ఎక్కడొస్తుందంటే, అలా శిక్షణ పొందినామెను ఏ మనుషులు చాలని రోజో తీసుకెళ్ళి ఇంకో వార్డులో వేసేస్తే ఆ పద్దెనిమిది నెలలూ బూడిదలో పోసినట్టే.

మనుషులు ఎందుకు చాలరంటే జీతం దగ్గరకి రావాలి. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుకి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని, 50 పడకల లోపు చిన్న ఆసుపత్రి అయినా నెలకి 20 వేలకి తగ్గకూడదని చెప్పింది. కేరళ నర్సులు 2017లో సమ్మెకు దిగి, ఆ 20 వేలనే కనీస వేతనంగా 2018లో నోటిఫై చేయించుకున్నారు. మన దగ్గర ఇప్పటికీ పన్నెండు వేలకీ పద్నాలుగు వేలకీ నైట్ డ్యూటీలు చేస్తున్న, జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివిన అమ్మాయిలు నాకే తెలుసు. కొన్నిచోట్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో పెట్టుకుని, రెండేళ్ళు చేస్తేనే తిరిగిస్తామంటారు. అలాంటప్పుడు అవకాశం దొరికినవాళ్ళు ఆగుతారా? తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామే నర్సులకి జర్మన్ నేర్పించి జర్మనీకి పంపుతోంది. బీ2 స్థాయి దాకా, అంటే ధారాళంగా మాట్లాడేదాకా, జర్మన్ చదవడమంటే మాటలు కాదు, అయినా చదువుతున్నారు. వెళ్ళొద్దని చెప్పే హక్కు మనకి లేదు.

డబ్బెక్కడిది అని యాజమాన్యాలు అడుగుతాయి, అడగాల్సిన ప్రశ్నే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2016లో 27 ఆసుపత్రుల్లో నర్సు-రోగి నిష్పత్తిని చట్టంగా పెట్టింది, పగలు నలుగురికి ఒకరు, రాత్రి ఏడుగురికి ఒకరు. తర్వాత 2021లో లెక్క కట్టి చూస్తే, త్వరగా ఇళ్ళకి వెళ్ళడం వల్లా, మళ్ళీ వచ్చి చేరేవాళ్ళు తగ్గడం వల్లా మిగిలిన డబ్బు, అదనపు నర్సుల ఖర్చుకి రెండింతల పైనే ఉంది. మన దగ్గర అంతే మిగులుతుందని నేను చెప్పలేను. ఇక్కడ ఎక్కువ రోజులు మంచం మీద ఉంటే బిల్లు పెరుగుతుంది, నష్టం ఆసుపత్రికి కాదు. మిగులు ఎవరి జేబులోకి వెళ్తుంది అన్నదాన్ని బట్టే ఉత్సాహం ఉంటుంది కదా.

ఈలోగా పరుపు కింద పెట్టే సెన్సర్లు, గోడ మీద మానిటర్లు వస్తున్నాయి. రానివ్వండి, రాత్రి పూట ఊపిరి లెక్క అవే చెబితే మంచిదే. కానీ అలారం మోగినప్పుడు లేచి వెళ్ళే మనిషి ఒక్కరే అయితే, మూడు అలారాలు ఒకేసారి మోగిన రాత్రి ఏం చేస్తుంది?

ఎలాగూ ఇంటివాళ్ళే చూసుకుంటున్నప్పుడు వాళ్ళకే సరిగా నేర్పొచ్చు కదా అని ఇంకో ఆలోచన ఉంది. నూరా హెల్త్ అనే సంస్థ ప్రభుత్వ ఆసుపత్రులతో కలిసి అదే చేస్తోంది, డిశ్చార్జికి ముందే వార్డులోనే నర్సుల చేత బంధువులకి క్లాసులు చెప్పిస్తోంది. ఇంటికెళ్ళాక పనికొచ్చే విద్య అది, తప్పకుండా కావాలి. నాకు భయమల్లా, రేపు ఎవరో ఒకరు దీన్ని చూపించి, బంధువులకి ట్రైనింగ్ ఇచ్చాం కాబట్టి రాత్రికి ఒక్క నర్సు చాలని లెక్క వేస్తారేమోనని.

నన్నడిగితే పెద్ద చట్టాలు అక్కర్లేదు, మొదలు పెట్టడానికి ఒక బోర్డు చాలు. ఆసుపత్రులు ఎలాగూ గది అద్దెల పట్టిక గోడకి పెడతాయి. దాని పక్కనే, ప్రతి వార్డు గుమ్మం దగ్గరా, షిఫ్టు షిఫ్టుకీ మార్చి రాయాలి: ఈ వార్డులో ఇప్పుడున్న పేషెంట్లు ఇంతమంది, డ్యూటీలో ఉన్న రిజిస్టర్డ్ నర్సులు ఇంతమంది అని. ట్రైనీలని, ఆయాలని అందులో కలపకూడదు. ఆసుపత్రి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వచ్చినప్పుడు జిల్లా వైద్యాధికారి ఆ రాత్రి అంకెలు అడగాలి, మొత్తం స్టాఫ్ జాబితా తర్వాత చూడొచ్చు. పెద్దాయన్ని తీసుకెళ్ళి ఎక్కడ చేర్పించాలా అని తిరిగే మనిషికి ఏసీ, టీవీ కన్నా ముందు ఆ అంకె కనబడాలి.

ఈ మాట ముప్ఫై ఏళ్ళుగా ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్న, మాకు తెలిసిన హెడ్ నర్సు ఒకావిడతో అన్నాను. ఆవిడ అంతా విని నవ్వేసింది.

"బాగానే ఉంది బాబూ. ఆ బోర్డు మీద షిఫ్టు షిఫ్టుకీ రాయాల్సింది కూడా మేమే కదా?"