పనిచేయని కుళాయి కింద చేతులు కడుక్కోవడంపై స్టాఫ్ నర్సుల అవగాహన: ఒక అధ్యయనం

మొన్న నైట్ డ్యూటీలో నేను పదకొండోసారి శాంపిల్ అయ్యాను. రక్తం శాంపిల్, కళ్లె శాంపిల్ లాగా మనిషి శాంపిల్. ఎమ్మెస్సీ నర్సింగ్ చదివే అమ్మాయి ఫైలు పట్టుకుని వచ్చి "మేడమ్, ఇరవై ప్రశ్నలే, టిక్కులు పెడితే చాలు, పది నిమిషాలు" అంది. వార్డులో నలభై రెండు మంది పేషెంట్లు, నేనొక్కదాన్ని. బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క, ఆ లెక్కన నేను పద్నాలుగు మందిని. రెండు సెలైన్లు అయిపోవస్తున్నాయి, మూలమంచం పెద్దాయనకి ఆయాసం, ఆయన బామ్మర్ది డ్యూటీ డాక్టరు ఎక్కడని నామీద అరుస్తున్నాడు. అయినా సైన్సు కదా, కూర్చున్నాను.

మొదటి ప్రశ్న: చేతులు ఎప్పుడు కడుక్కోవాలి? అ. పేషెంటును ముట్టుకునే ముందు. ఆ. ముట్టుకున్న తర్వాత. ఇ. రెండుసార్లూ. ఈ. తెలియదు.

మా వార్డు సింకులో కుళాయి తిప్పితే దసరా నుంచీ గాలి వస్తోంది. ఆయమ్మ కింది అంతస్తు నుంచి బకెట్టు మోసుకొస్తే నీళ్లు, లేకపోతే లేవు. ఆ సంగతికి ఇంకో గడి ఉందేమోనని కాగితం వెనక్కి తిప్పి చూశాను. లేదు. "ఇ"కి టిక్కు పెట్టాను. అమ్మాయి ముఖం వెలిగిపోయింది.

ఆసుపత్రి పేరు చెప్పను. మా థీసిస్‌లలోనూ ఎవరూ చెప్పరు, "ఎంపిక చేసిన ఆసుపత్రి" అంటారు. ఎవరు ఎంపిక చేశారు, దేన్ని చూసి ఎంపిక చేశారు అని అడక్కండి, కాలేజీ బస్సు ఆగేది అక్కడే. ఈ శాస్త్రం తెలియనివాళ్ల కోసం థీసిస్ పేరుకి ఉన్న వ్యాకరణం కూడా చెప్పేస్తాను: "ఎంపిక చేసిన జిల్లాలోని ఎంపిక చేసిన ఆసుపత్రిలో పనిచేసే స్టాఫ్ నర్సులకు ఫలానా విషయంపై ఉన్న అవగాహన మీద స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావాన్ని అంచనా వేసే అధ్యయనం." ఫలానా దగ్గర చేతుల శుభ్రత, తల్లిపాలు, డెంగీ, రక్తహీనత, ఏది పెట్టినా వాక్యం చెక్కు చెదరదు. నర్సులు దొరక్కపోతే గర్భిణులు, వాళ్లూ దొరక్కపోతే తొమ్మిదో తరగతి పిల్లలు. మొత్తం అరవై మంది. అరవై ఎందుకంటే ముప్పై, ముప్పై.

మొదట ఒక పరీక్ష. తర్వాత ఫ్లిప్ చార్టుతో నలభై ఐదు నిమిషాల పాఠం, దాన్ని మేము ఎస్టీపీ అంటాం (మునిసిపాలిటీ వాళ్ల భాషలో ఎస్టీపీ అంటే మురుగునీటి శుద్ధి కేంద్రం, ఆ ఎస్టీపీ అయినా మాకు వచ్చుంటే బాగుండేది). ఏడో రోజున అవే ప్రశ్నలతో ఇంకో పరీక్ష. వారం కిందట జవాబులు చెప్పేసి అవే ప్రశ్నలు అడిగితే మార్కులు పెరుగుతాయి కదా, పెరుగుతాయి. పీ విలువ 0.05 కన్నా తక్కువ వస్తుంది, అంటే ఈ పెరుగుదల కాకతాళీయం కాదని లెక్కలవాళ్ల ముద్ర. ఇన్నేళ్లలో పాఠం ఫెయిలైన థీసిస్ నా కంటపడలేదు. కోఠీ పక్క డీటీపీ షాపుల్లో రెక్సిన్ అట్ట మీద బంగారు అక్షరాలు అచ్చయ్యేటప్పటికి అవగాహన ఖాయంగా పెరిగిపోయి ఉంటుంది.

మధ్యలో ఒక సిద్ధాంతం కూడా ఉండాలి. నర్సింగ్ సిద్ధాంతాలు రాసిన ఒరెమ్ అయినా సరే, ఇమోజీన్ కింగ్ అయినా సరే, బెర్టలాన్‌ఫీ సిస్టమ్స్ థియరీ అయితే గైడ్లకు ఇంకా ఇష్టం, ఎందుకంటే మూడు డబ్బాలు గీసి బాణాలు పెడితే సరిపోతుంది. మొదటి డబ్బాలో అవగాహన లేని నర్సు, మధ్య డబ్బాలో పాఠం, చివరి డబ్బాలో అవగాహన ఉన్న నర్సు. నీళ్లు ఏ డబ్బాలోనూ ఉండవు.

ఆ అమ్మాయిని తప్పుపట్టడం లేదు. నేనూ చేశాను. నాది ఓఆర్ఎస్ మీద, అరవై మంది తల్లులు. లీటరు నీళ్లలో ప్యాకెట్టు మొత్తం కలపాలి, కాచి చల్లార్చిన నీళ్లు కావాలి, ఇరవై నాలుగు గంటల్లో వాడెయ్యాలి, అన్నీ నేర్పించాను, అన్నిటికీ టిక్కులు పెట్టారు. ఒకావిడ మాత్రం చివర్లో "ప్యాకెట్టు ఎక్కడిస్తారమ్మా, సబ్ సెంటర్లో నెల నుంచీ లేవంటున్నారు" అని అడిగింది. అది నా ప్రశ్నపత్రంలో లేని అంశం కాబట్టి నమోదు చేయలేదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగాం శరణార్థి శిబిరంలో కలరా వస్తే దిలీప్ మహలనబీస్ అనే డాక్టరుగారు ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల వెంట వచ్చినవాళ్లనే తాగించమన్నాడు. నూటికి ముప్పై దాకా చచ్చిపోతున్న చోట చావులు మూడు నాలుగుకి దిగాయి. అద్భుతమే, కానీ తాగే ముందు వాళ్ల అవగాహన ఎంతో, తాగిన తర్వాత ఎంతో ఆయన కొలవలేదు. మా యూనివర్సిటీలో అయితే వైవాలో ఆపేసేవాళ్లు.

ఆ మాటకొస్తే మా కులదేవత ఫ్లోరెన్స్ నైటింగేల్‌కి కూడా పద్ధతి తెలియదు. ఏటా మే 12న ఆమె ఫోటోకి దండ వేసి, కొవ్వొత్తులు పట్టుకుని ప్రతిజ్ఞ చేస్తాం గానీ రీసెర్చి సంగతిలో ఆవిడది చాలా లోటుపాట్లున్న పని. క్రిమియా యుద్ధంలో స్కుటారి ఆసుపత్రి కింద మురుగు నిలిచిపోయి, 1855 ఫిబ్రవరిలో చేరినవాళ్లలో నూటికి నలభై మంది పైన చచ్చిపోతుంటే, మార్చిలో శానిటరీ కమిషన్ వచ్చి కాలవలు కడిగించింది, గాలి ఆడేట్టు చేసింది. జూన్‌కల్లా చావులు నూటికి రెండు. తర్వాత ఆవిడ కూర్చుని లెక్కలన్నీ తీసి, తూటాలకంటే జబ్బులే ఎక్కువమంది సైనికుల్ని చంపాయని రంగుల బొమ్మ గీసి పెద్దల ముందు పెట్టింది. పెద్దల ముందు! మనమైతే ఆ సైనికుల్నే వరసగా కూర్చోబెట్టి మురుగుకాలవపై అవగాహన పరీక్ష పెట్టి, ఫ్లిప్ చార్టు చూపించి, ఏడో రోజున మిగిలినవాళ్లకి మళ్లీ పరీక్ష పెట్టేవాళ్లం. ఏడో రోజుకి లేనివాళ్లని "డ్రాపవుట్స్" అని రాసుకోవచ్చు, దానికీ పద్ధతి ఉంది.

అసలు అవగాహన మీద మనకింత మక్కువ ఎందుకంటే అది చవక. కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లాడు మాత్రం దుడ్డులా ఉండాలి. కుళాయి బాగుచేయాలంటే ఇండెంట్ పెట్టాలి, ఇంజినీరింగ్ సెక్షన్‌కి రాయాలి, వాళ్లు బడ్జెట్ లేదంటారు, ఉన్నా టెండర్ అంటారు. అవగాహన అయితే ఒక జెరాక్సుతో అయిపోతుంది, పైగా తప్పంతా తెలియనివాడి మీదికి పోతుంది. బిడ్డకి విరేచనాలైతే తల్లికి అవగాహన లేదు, వార్డులో ఇన్ఫెక్షన్ వస్తే నర్సుకి అవగాహన లేదు. ఈ దేశంలో అవగాహన లేనిది ఎప్పుడూ జీతం తక్కువున్నవాళ్లకే కావడం ఒక్కటే నాకు శాస్త్రీయంగా కొంచెం వింతగా అనిపిస్తుంది.

అవగాహన కాకుండా నీళ్ల గురించే చేసిన పరిశోధనలు లేవా అంటారేమో. ఉన్నాయి, మన దగ్గరే బోలెడు. 1937లోనే, మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో, అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) ఉందని పరిశోధన పేపరు వచ్చింది. తర్వాత నల్లగొండ. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు తయారుచేసి దానికి "నల్లగొండ టెక్నిక్" అని పేరు పెట్టారు, ఆ పేరు టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. పేరు ఆఫ్రికా వెళ్లొచ్చింది గానీ మర్రిగూడ పక్క ఊళ్లలో కాళ్లు వంకరపోయినవాళ్లు మంచినీళ్ల కోసం ఎన్ని ఎన్నికలు చూశారో లెక్కపెట్టుకోండి. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యేనాటికి ఆ మొదటి పేపరుకి డెబ్బై తొమ్మిదేళ్లు. పేపరుకి వయసు వచ్చినా నడుం వంగదు, అదొక సౌకర్యం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఇంకా గొప్ప. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్లలో కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇరవై ఏళ్లకు పైగా వెతుకుతున్నారు. ఢిల్లీ వాళ్లు వచ్చారు, అమెరికా యూనివర్సిటీల వాళ్లు వచ్చారు, విశాఖ నుంచి ఎప్పుడూ వస్తూనే ఉన్నారు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పనిచేసి నీళ్లు తాగకపోవడమన్నారు, నొప్పి మాత్రలన్నారు, జన్యువులన్నారు. ఇదీ కారణమని ఖాయంగా ఇంకా తేలలేదు. (2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి నీళ్ల పథకం ప్రారంభమయ్యాయి, ఒప్పుకోవాల్సిన మాట ఒప్పుకోవాలి.) ఆ ఊళ్లలో కార్లోంచి ఫైలు పట్టుకుని ఎవరు దిగినా మనుషులు చొక్కా చెయ్యి పైకి మడిచేస్తారని అక్కడ పనిచేసిన స్నేహితురాలు చెప్పింది. ఇంతకంటే అవగాహన ఉన్న శాంపిల్ ప్రపంచంలో ఎక్కడ దొరుకుతుంది? "సార్, పోయినసారి తీసుకెళ్లిన రక్తం ఏమైంది?" అని ఒక ముసలాయన అడిగితే, అది వేరే ప్రాజెక్టు అని చెప్పారట.

ఇక చట్టం ప్రకారం అవగాహన తప్పనిసరిగా ఉండాల్సిన చోటు ఒకటుంది, కన్సెంట్ ఫారం. చిత్రంగా అక్కడ మాత్రం అవసరం పడదు. 2009లో ఖమ్మం జిల్లాలో వేల మంది ఆడపిల్లలకు, చాలామంది గిరిజన హాస్టళ్లలో చదివేవాళ్లకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిచింది. టీకా మంచిదే, ఆ ప్రాజెక్టు నడుస్తుండగా కొందరు పిల్లలు చనిపోయారు గానీ ఆ చావులకి టీకా కారణం కాదని విచారణ కమిటీయే అంది, కాబట్టి దయచేసి నన్ను టీకా వ్యతిరేకుల గ్రూపులో చేర్చకండి. నేను మెచ్చుకునేది సంతకాలని. అమ్మానాన్నల బదులు వేల ఫారాల మీద హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు పెట్టేశారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ ప్రాజెక్టుని కడిగేసింది. దాన్ని ట్రయల్ అనాలా, "డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు" అనాలా అని పెద్దవాళ్లు చాలా వాదించుకున్నారు. పిల్లల ఇళ్లలో దాన్ని సూది అన్నారు.

ఈ రీసెర్చిలన్నిటికీ ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపేదెవరు అనుకుంటున్నారు? ఆశా, ఏఎన్ఎం. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పటి నుంచీ ఆశా వర్కరు ఉద్యోగి కాదు, వాలంటీరు. ఆమెకి జీతం ఉండదు, గౌరవ వేతనం, పారితోషికం ఉంటాయి. రిజిస్టర్లు మాత్రం ఉద్యోగివే, ఇప్పుడు వాటితో పాటు ఫోన్లో యాపులు. యాపులో ఎక్కించాక రిజిస్టర్లో రాయాలి, రిజిస్టర్లో రాశాక యాపు పనిచేయలేదని తెలుసుకోవాలి. 2022లో డబ్ల్యూహెచ్‌ఓ ఆశాలందరికీ కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. పది లక్షల మందికి ఒక్క అవార్డు, వాటాలు ఎలా వేసుకోవాలో మార్గదర్శకాలు ఇంకా రాలేదు. పేపరు అచ్చయ్యేటప్పుడు రచయితల వరసలో వీళ్లు కనపడరు, చివర్లో "సహకరించిన క్షేత్ర సిబ్బందికి కృతజ్ఞతలు" అన్న చోట అందరూ కలిపి ఒక వాక్యం అవుతారు.

పక్కనే, గోదావరి దాటితే గడ్చిరోలి. అక్కడ అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డని ఇంటి దగ్గరే చూసుకోవడం, ఇన్ఫెక్షన్ వస్తే ఇంజెక్షన్ చెయ్యడం దాకా నేర్పించి, పసిబిడ్డల చావులు అరవై రెండు శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో చూపించారు. వాళ్లూ పాఠమే చెప్పారు కదా అంటారేమో. చెప్పారు, పాఠంతో పాటు చేతిలో సంచీ పెట్టారు, సంచీలో మందు పెట్టారు. మాకు నచ్చనిది అదే.

అందుకని నా వంతుగా ఒక అధ్యయనం ప్రతిపాదిస్తున్నాను: "ఎంపిక చేసిన సచివాలయంలో ఫైళ్ల మీద సంతకాలు పెట్టే అధికారులకు వార్డు కుళాయిపై ఉన్న అవగాహన." శాంపిల్ అరవై అక్కర్లేదు, ఆరుగురు చాలు. మొదటి ప్రశ్న: కుళాయి తిప్పితే ఏం రావాలి? కష్టమేమీ లేదు, టిక్కు పెడితే చాలు. పది నిమిషాలు. ఎథిక్స్ కమిటీకి కూడా పెట్టాను. శాంపిల్ సున్నితమైన వర్గానికి చెందినది కాబట్టి అదనపు అనుమతులు కావాలన్నారు. ఒక సారుని అనుమతి అడగాలంటే అపాయింట్‌మెంట్ కావాలి, ఆ అపాయింట్‌మెంట్ అడగడానికి ఎవరి దగ్గర అనుమతి తీసుకోవాలో ఇంకా కనుక్కుంటున్నాను.

ఈలోగా ఏడో రోజు వచ్చింది, అమ్మాయి పోస్ట్ టెస్టు కాగితాలతో వచ్చింది. ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి నాకు. పోయింది పన్నెండో ప్రశ్న, సబ్బుతో చేతులు కడుక్కోవడానికి ఎంతసేపు పట్టాలి అని. "బకెట్టు వచ్చేదాన్ని బట్టి" అని పక్కన రాశాను.

"నలభై నుంచి అరవై సెకన్లు మేడమ్" అంది, జాలిగా.

"పీ విలువకి ఇబ్బందేం లేదుగా అమ్మా?"

"లేదు మేడమ్, బాగానే వస్తోంది." ఫైలు సర్దుకుంది. పాపం మధ్యాహ్నం నుంచీ వార్డులు తిరుగుతోంది, సంచీలో టిఫిన్ బాక్సు ఉంది. సింకు దగ్గరికెళ్లి కుళాయి తిప్పింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. నా వైపు చూసింది.

"మేడమ్, చెయ్యి ఎక్కడ కడుక్కోవాలి?"

కింది అంతస్తులో, ఎక్స్‌రే గది పక్కన. ఏడున్నరకి ఆపేస్తారు, ఇంకా పది నిమిషాలుంది. పోతూ పోతూ బకెట్టు కూడా తీసుకెళ్లమన్నాను.