పుక్కిలిస్తే పోయే జబ్బు కాదిది

పోయినేడాది పళ్ల డాక్టర్ నా చిగుళ్లలోకి మిల్లీమీటర్ గీతలున్న సన్నని పుల్లలాంటి పరికరం దించుతూ, పంటికీ చిగురుకీ మధ్య సందు ఎంత లోతుందో అంకెలు చెప్తుంటే, పక్కనున్న అమ్మాయి రాసుకుంటూ పోయింది. రెండు, మూడు, రెండు... ఏడు. అదే పన్ను! బుగ్గ వైపు రెండు, పక్క పంటిని ఆనుకున్న చోట ఏడు.

చిగుళ్ల జబ్బు సంగతంతా ఆ తేడాలోనే ఉంది. మనమేమో నోరంటే ఒకే గది అనుకుని, మౌత్‌వాష్ మూత నింపి పుక్కిలించి హాయిగా పడుకుంటాం. నాలుక మీది బాక్టీరియా గుంపు వేరు, బుగ్గ లోపలిది వేరు, పంటి పాచిలోది వేరు, చిగురు పంటిని వదిలేసిన సందులో చేరేది మరీ వేరు. ఆ సందు మామూలుగా 1 నుంచి 3 మిల్లీమీటర్లే. అది లోతయ్యే కొద్దీ ఆక్సిజన్ తగ్గి, గాలి గిట్టని రకాలకు మంచి కాపురం దొరుకుతుంది. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, ట్రెపోనెమా డెంటికోలా, టానెరెల్లా ఫోర్సైథియా అనే మూడింటిని 1998లో నోటి బాక్టీరియా పరిశోధకుడు సోక్రాన్‌స్కీ బృందం 'రెడ్ కాంప్లెక్స్' (ఎర్ర గుంపు) అంది, లోతైన సందుల్లో జోరు వీటిదే. మొదటిదైతే సంఖ్యలో కొంచెమే ఉన్నా మిగతా గుంపునంతా చెడగొట్టగలదని ఎలుకల మీద ప్రయోగాల్లో తేలింది.

మౌత్‌వాష్ దండగ అనను. కొన్ని మౌత్‌వాష్‌లలో ఉండే క్లోర్‌హెక్సిడిన్ అనే మందు పైపాచిని తగ్గిస్తుంది, చిగుళ్ల సర్జరీ తర్వాత కొన్నాళ్లు వాడమంటారు కూడా. కానీ ఆ నీళ్లు ఏడు మిల్లీమీటర్ల అడుగుకు దిగవు. యాంటీబయాటిక్ ఒక్కటే మింగినా అంతే, గారకు జిగురులా అంటుకున్న పొరలోకి అది సరిగా చొరబడదు. సందు సందునా దిగి గీకాల్సిందే. గీకితే పళ్లు కదులుతాయని భయపడేవాళ్లున్నారు చూడండి, కదిలించేది లోపలి ఎముక కరిగిపోవడం, ఈ గీకుడు (స్కేలింగ్) కాదు.

పంటికి ఆరు చోట్ల, 28 పళ్లుంటే 168 చోట్ల కొలవాలి. ఇంత ఓపికైన పనికి మన హెల్త్ పాలసీలు చాలావాటిలో పైసా రాదు, యాక్సిడెంట్‌లో పళ్లు రాలితే తప్ప. నోరు ఒంట్లో భాగం కాదన్నట్టు! షుగర్ ఉంటే చిగుళ్లు త్వరగా పాడవుతాయి, చిగుళ్లు పాడైతే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. నా షుగర్ డాక్టర్ పదేళ్లుగా పాదాలు చూస్తున్నారు, ఏటా కళ్ల పరీక్షకు పంపిస్తున్నారు. నోరు తెరవమని మాత్రం ఒక్కసారీ అనలేదు.